జూబ్లీహిల్స్ లెక్కలో రాళ్లగుట్ట

"ముందు టీ తాగండమ్మా, చల్లారిపోతుంది."

"తాగుత సారు. పని ఏ దినం మొదలువెడుతున్నరో ఒక్క మాట చెప్పుండ్రి, తాగుత."

"చెప్తాను. ఎండలో నడిచొచ్చారు, కాస్త కూర్చోండి."

"కూసునే ఉన్న గద సారు."

నిజమే, అనసూయమ్మ కూర్చునే ఉంది. ఏసీ గాలికి కొంగు భుజాల నిండా కప్పుకుని, చేతిసంచి కాళ్ల దగ్గర పెట్టుకుని, కుర్చీ అంచున కూర్చుంది. ఫిల్మ్‌నగర్ వెనక రాళ్లగుట్ట బస్తీ తరఫున జూబ్లీహిల్స్‌లోని ఈ ఆఫీసుకు ఆమె రావడం ఇది ఏడోసారో ఎనిమిదోసారో. ఎప్పుడూ పనికి వెళ్లే పాత చీరలోనే వచ్చేది. ఇవాళ ఆకుపచ్చ చీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని వచ్చింది. ఆ పూలు చూసిన దగ్గర్నుంచి రఘునందన్‌కు అసలు మాట ఎత్తబుద్ధి కావడం లేదు.

అతను ఒక ట్రస్టులో మేనేజరు. ఎండలు ముదిరి, వానలు గతి తప్పిన ఈ రోజుల్లో నీళ్లకు అల్లాడే బస్తీలను వెతికి, వాటికి విదేశీ నిధి నుంచి డబ్బు తెప్పించి, ట్యాంకులూ పైపులూ వేయించడం ఆ ట్రస్టు పని. రాళ్లగుట్ట కాగితాలు రెండేళ్లుగా అతని చేతుల మీదుగానే నడిచాయి. నాలుగు రోజుల క్రితం ఆ నిధివాళ్ల దగ్గర నుంచి జవాబు వచ్చింది. ఫోన్లో చెప్పడానికి నోరు రాక, ఒకసారి ఆఫీసుకు రమ్మన్నాడు. రమ్మన్నాడంటే పని అయినట్టేనని ఆమె అనుకుంది.

"నీళ్లెట్లా ఉన్నాయమ్మా ఇప్పుడు?"

"మీకు ఎరుక లేనిదేముంది సారు."

ఎరుకే. అయినా ఆమె చెప్పింది, అతను మొదటిసారి వింటున్నట్టే విన్నాడు. నల్లా నీళ్లు గుట్ట సగం దాకా ఎక్కి ఆగిపోతాయి. పైనున్న నూట పద్దెనిమిది ఇళ్లకు ఉన్న రెండు బోర్లూ రెండేళ్ల కిందటే ఎండిపోయాయి. నాలుగు రోజులకోసారి వచ్చే ట్యాంకరు గుట్ట ఎక్కలేక కిందే నిలబడుతుంది. అక్కడి నుంచి తొంభై రెండు మెట్లు, చంకలో బిందెతో. పోయిన వానాకాలం ఒక్క గంటలో పడ్డ వానకు పైనుంచి రాళ్లూ మట్టీ ఇళ్లలోకి దొర్లాయి. ఆ తర్వాత నలభై రోజులు చుక్క లేదు. ఈసారి హోలీ నాటికే రేకుల కింద కూర్చోలేనంత వేడి. మొన్న శనివారం, ఆరో నెల కడుపుతో ఉన్న పిల్ల బిందెతో మెట్ల మీద జారిపడింది. మూడు రోజులు ఆస్పత్రిలో ఉండి, కడుపు నిలవక ఒక్కతే ఇంటికొచ్చింది.

"ఏ ఇంటి పిల్ల?"

"మెట్ల పక్కన కుట్టుమిషను ఉంటది సూడు సారు, ఆ ఇంటి కోడలు లాస్య. మీరు కొలతలకు వచ్చిన్నాడు మీకు మంచినీళ్లిచ్చింది."

రఘునందన్‌కు గుర్తుంది. ఆ రోజు ఆ ఇంట్లో నీళ్లు ఎన్ని ఉన్నాయో తెలిసి కూడా, కాదనలేక గ్లాసెడు తాగాడు.

"పైన ట్యాంకు పడితే ఇగ ఇవన్ని ఉండయి" అంది అనసూయమ్మ. "వాన పడితే కప్పుల మీది నీళ్లు అండ్లకే, కింది నల్లా నీళ్లు మోటరుతోని అండ్లకే. ఆడికెల్లి ఇంటింటికి. మీరు చెప్పింది చెప్పినట్టు అందరికి చెప్పిన సారు. పిల్లలు సుత బొమ్మ గీస్తున్నరు."

"అమ్మా..."

"శుక్రవారం మంచిదట. పంతులును అడిగిన. మీరు, మీ ఆఫీసు గీతిక మేడం ఇద్దరు రావాలె. మీ చేతులతోనే ముగ్గు పోయిద్దామనుకున్నం."

"శుక్రవారం వద్దమ్మా."

"అయితే ఆదివారం?"

"ఆదివారం కూడా..."

"మీకు తీరిక లేకుంటే చెప్పుండ్రి. గీతిక మేడమొక్కతే వచ్చినా సాలు."

"తీరిక గురించి కాదు."

"మరేంది సారు?"

"పైసలు వస్తలేవమ్మా."

ఆఫీసులో ఎప్పుడూ ఆచితూచి పుస్తకం భాష మాట్లాడే రఘునందన్ నోటి వెంట సొంతూరు సిద్దిపేట మాట అతనికి తెలియకుండానే వచ్చేసింది.

"ఇప్పుడు వస్తలేవా, ఇగ రానే రావా?"

"రావు."

అనసూయమ్మ కప్పు తీసుకుంది. చల్లారి, పైన మీగడ కట్టిన టీని ఒక్క గుక్కలో తాగేసి, కప్పును చప్పుడు కాకుండా సాసర్లో పెట్టింది.

"మేమేం తప్పు చేసినం సారు?"

"మీ తప్పేం లేదు. మీరు అడిగినవన్నీ ఇచ్చారు. వాళ్ల దగ్గర ఉన్న డబ్బు కొంత, అడిగేవాళ్లు వేలమంది. అందుకని ఎవరికి ఎక్కువ అవసరమో చూసి మార్కులేస్తారు. ఇదివరకు బస్తీ బస్తీకి విడివిడిగా వేసేవాళ్లు. ఈ ఏడు పద్ధతి మార్చారు. వార్డు మొత్తానికి కలిపి వేశారు."

"ఏస్తే?"

"మీ బస్తీ జూబ్లీహిల్స్ లెక్కలోకి వస్తుంది."

"వస్తే?"

"జూబ్లీహిల్స్‌లో నీళ్లకు కష్టం లేదని తేలింది."

"జూబ్లీహిల్స్‌ల ఎవలకు?"

"అందరికీ. అందరినీ కలిపి."

ఆమె కోపంగా ఏమీ లేదు. ఎక్కడో పొరపాటు జరిగిందనీ, అదేమిటో పట్టుకుంటే సర్దుబాటు చేయవచ్చనీ అనుకుంటున్నట్టుగా ఉంది.

"మేమెప్పుడు జూబ్లీహిల్స్ అయినం సారు? నేను ఆటో ఎక్కి జూబ్లీహిల్స్ అంటే, ఏ బంగ్లల పని అని అడుగుతడు. ఇల్లు గాడ అని ఎవ్వడనుకోడు."

"నాకు తెలుసమ్మా."

"నేను పనిచేసే సినిమా నిర్మాత ఇంట్ల ఈత కొట్టే గుంత ఉన్నది. నెలకోపారి నీళ్లన్ని తోడేసి కొత్తయి పోయిస్తరు. ఆ నీళ్లు సుత మా కిందనే రాసుకున్నరా?"

"అట్లా కాదు..." అని మొదలుపెట్టి, రఘునందన్ ఆగాడు. తర్వాత "అట్లనే అనుకోండి" అన్నాడు.

"లెక్క తప్పని మీరు చెప్పకపోయిండ్రా?"

చెప్పాడు. మెట్ల ఫొటోలు, ఎండిన బోర్ల ఫొటోలు జతచేసి మూడు ఉత్తరాలు రాశాడు. పట్టుబట్టి వీడియో కాల్ పెట్టించాడు. అవతల ఉన్న ఆవిడ చాలా మర్యాదగా మాట్లాడింది. ఫొటోలు చూసి తనకూ బాధ కలిగిందంది. కానీ లెక్క కట్టేది కంప్యూటరే గానీ మనుషులు కాదనీ, ఒక్క బస్తీ కోసం లెక్క మారిస్తే మిగిలిన దేశాలన్నీ అడుగుతాయనీ అంది. అతను గొంతు పెంచాడు. కాల్ అయ్యాక ట్రస్టు పెద్ద ఓంప్రకాష్ గారు గదిలోకి పిలిచి, ఒక్కచోటి కోసం పేచీ పెట్టుకుంటే మిగతా ఊళ్లలో మంజూరైనవి కూడా చేజారతాయని నెమ్మదిగానే హెచ్చరించాడు. రఘునందన్ మాట్లాడకుండా బయటికొచ్చాడు. ఆమెకు ఇదంతా చెబుతున్నప్పుడు, మాట్లాడకుండా బయటికొచ్చిన సంగతి మాత్రం చెప్పలేకపోయాడు.

"మళ్ల ఎప్పుడు పెట్టుకోవచ్చు?"

"మూడేళ్లకు."

"మూడేండ్లు."

"అవునమ్మా."

"నడుమల ఇంకేం తొవ్వ లేదా? ఎమ్మెల్యే తానకు పోదామా? ఎవలన్న పెద్ద హీరో తానకు? కింద రోడ్డు మీదనే తిరుగుతరు గద అందరు."

"అన్నీ అడిగి చూశానమ్మా. అప్పుగా అయితే ఇస్తామన్నారు. బస్తీ పేరు మీద, తక్కువ వడ్డీకి. దానికి స్థలం పట్టా కావాలి."

"పట్టా మాకు యాడిది సారు?"

"అందుకే మీకు చెప్పలేదు."

బయట రోడ్డు మీద ఏదో షూటింగు బండి వెనక్కి వస్తున్నట్టు కుయ్యి కుయ్యిమంటోంది. ఆమెను ఉత్త చేతులతో పంపడం ఇష్టం లేక రఘునందన్ ఏదో ఒకటి చెప్పాలనుకున్నాడు.

"మీరు ట్యాంకు కోసం చదును చేసి పెట్టిన జాగా ఉంది కదా. దాన్ని అట్లే ఉంచండి. ఎవరినీ ఆక్రమించుకోనివ్వకండి. మూడేళ్లకైనా పనికొస్తుంది."

అనసూయమ్మ అతని వైపు చూసింది.

"ఆ జాగ ఎవలదో మీరు అడగనే లేదు సారు."

"పైన ఖాళీ జాగానే కదా. మీరే ఫొటో పంపించారు."

"ఖాళీ జాగ గుట్ట మీద యాడున్నది? అది మా ఇల్లు."

"మీ ఇల్లా?"

"ఆ."

"మరి ఇల్లేది?"

"కూలగొట్టినం."

మూడు వారాల కింద ఆ ఫొటో రఘునందన్ ఫోనుకు వచ్చింది. ఎర్రమట్టి చదును చేసి, నాలుగు మూలలా రాళ్లు పెట్టిన చోటు. చూసి సంతోషపడి, 'చాలా బాగుంది' అని జవాబు పెట్టాడు. ఫైలులో అతికించాడు. ఆ మట్టిలో ఒక మూల పొయ్యి గద్దె ఆనవాలు ఉండటం ఇప్పుడు, ఆమె ఎదురుగా కూర్చున్నాక, కళ్లకు కట్టినట్టు కనిపించింది.

"ఎందుకు చేశారమ్మా ఆ పని?"

"మీరే అన్నరు గద సారు. టేపు పట్టుకొని వచ్చిన్నాడు అన్నరు. ఇరవై అడుగులకు ఇరవై అడుగులు పైన జాగ సూపెడితే ఇగ అయిపోయినట్టే అని."

అన్నాడు. ఫిబ్రవరిలో, గుట్ట ఎక్కిన ఆయాసంలో, చుట్టూ మూగిన ఆడవాళ్ల ముఖాలు చూసి హుషారుగా అన్నాడు.

ఆ తర్వాత జరిగింది ఆమె మెల్లగా చెప్పింది. రోజూ సాయంత్రం అందరూ కూడేవాళ్లట. జాగా మాట రాగానే ప్రతివాళ్లూ పక్క ఇల్లు చూపించేవాళ్లట. ఒకరింట్లో చిన్నపిల్లలు, ఒకరింట్లో మంచాన పడ్డ ముసలామె. ఎవరిని మాత్రం పొమ్మంటారు? పదహారో రోజు ఈమె లేచి తన ఇల్లు ఇస్తానంది. పైవరసలో, ట్యాంకుకు సరిగ్గా సరిపోయే చోట ఉన్నది ఆ ఇల్లే. ఆమె భర్త బాలనర్సయ్య సినిమా సెట్లు కట్టే వడ్రంగి. సెట్టు పీకేశాక మిగిలిన చెక్కలతో, రేకులతో కొంచెం కొంచెంగా కట్టుకున్న ఇల్లు.

"ఆయన ఒప్పుకున్నాడా?"

"యాడ ఒప్పుకున్నడు సారు. రెండు దినాలు అన్నం ముట్టలే. నాతోని మాట్లాడలే. మూడోనాడు పొద్దుగాల లేచి సుత్తె తీసుకొని ఆయనే గుమ్మం ఊడదీసిండు. ముప్పై ఏండ్ల సంది ఊరోళ్ల ఇండ్లు కట్టిన, కూలగొట్టిన, నా ఇల్లు ఇంకొకడెందుకు కూలగొట్టాలె అన్నడు."

"నాకు ఒక్క ఫోన్ చేయాల్సింది కదమ్మా."

"చేస్తే మీరు వద్దంటరని చేయలే."

"వద్దనేవాణ్ణే."

"మీరు వద్దంటే పని ఆగిపోతుండె గద."

రఘునందన్‌కు వాళ్లు ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారని అడగాలనిపించింది. ఆ జవాబు వినే ధైర్యం లేక అడగలేదు.

"మళ్లీ కట్టుకోలేరా? నేను నాకు చేతనైనంత..."

"మున్సిపాలిటోళ్లు కట్టనియ్యరు సారు. పాత ఇల్లని ఇన్నొద్దులు ఊకున్నరు. పట్టా లేని జాగల కొత్త గోడ లేపితే రెండోనాడే వచ్చి పడగొడ్తరు. మీ జీతం మీ పిల్లలకు ఉంచుకోండ్రి." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇల్లు పోయిందని కాదు సారు. బస్తీల అందరు మంచోళ్లుండరు. ఊకెనే ఎవలన్న ఇల్లిస్తరా, ఆమెకు ట్రస్టోళ్లు ఏదో ముట్టజెప్పిండ్రు అని నలుగురు అననే అన్నరు. మా కొడుకు హనుమంతు కొట్లాటకు పోతే నేనే ఆపిన. కండ్ల ముందల నల్లా తిరిగినంక ఆళ్లే నోరు మూసుకుంటరు, నువ్వు ఊకో బిడ్డా అన్న. ఇప్పుడు గుట్టెక్కి ఏం చెప్పాలె?"

"నేనొస్తానమ్మా. నేనే చెప్తాను అందరికీ."

"వచ్చి జూబ్లీహిల్స్ లెక్క చెప్తరా?"

అతను ఖాళీ టీ కప్పును పక్కకు జరిపాడు.

"చెప్పుండ్రి. నాకే సగం సమజ్ కాలే. ఆళ్లకు ఏమయితది?"

అంతలో తలుపు తోసుకుని గీతిక వచ్చింది. విజయవాడ అమ్మాయి, ట్రస్టులో చేరి రెండేళ్లు. రాళ్లగుట్టలో ఇంటింటికీ తిరిగి బిందెలు లెక్క రాసుకున్నది ఆ పిల్లే. చేతిలో కాగితాలతో గబగబా నాలుగడుగులు వేసి, కుర్చీలో ఉన్న మనిషిని చూసి ఆగిపోయింది.

"అనసూయమ్మ గారూ, ఎప్పుడొచ్చారండీ? సార్, నేను తర్వాత వస్తాను."

"రా బిడ్డా. సారు చెప్పిండు."

"చెప్పారా..." గీతిక ఆమె పక్కకు వచ్చి నిలబడింది. "మేం చాలా ప్రయత్నం చేశామండీ. నిజంగా."

"తెలుసు బిడ్డా. ఎండల నువ్వు ఆ మెట్లు ఎన్నిసార్లు ఎక్కినవో నేను సూడలేదా. ఆ కాయితమేంది?"

"ఇదా? ఏం లేదండీ, వేరే పని."

"మా పైసలు ఎవలకు పోయినయో, గదేనా?"

గీతిక రఘునందన్ వైపు చూసింది.

"తర్వాత చూద్దాం గీతికా" అన్నాడతను.

"చెప్పనియ్యుండ్రి సారు. మాకు రాకపోతే ఎవలకో ఒకలకు నీళ్లొస్తయి గద. ఆళ్లు సుత మా అసుంటోళ్లే ఉంటరు. ఇని పోత. బస్తీలకు పోయినంక ఎవలకిచ్చిండ్రని అడిగితే చెప్పనన్న చెప్పాలె."

రఘునందన్ ఇక కాదనలేదు. గీతిక కాగితం విప్పింది.

"ఈ దఫా హైదరాబాద్ మొత్తానికి ఒక్కటే వచ్చిందండీ. రహమత్ నగర్‌లో. ఆ వార్డుకు మార్కులు బాగా ఎక్కువొచ్చాయి."

"రహమత్ నగర్ల యాడ?"

"పాత పిండిగిర్ని వెనక గల్లీ అండీ. నలభై మూడు ఇళ్లు. సోమవారం నుంచి సర్వే మొదలుపెట్టాలి, సార్ సంతకం కోసం వచ్చాను."

"ఇంటింటికి నల్లా ఇస్తరా?"

"ఇస్తామండీ."

"కిరాయికున్నోళ్లకు గూడ?"

"అందరికీనండీ. ఇల్లు ఎవరిదని చూడం. ఇవాళ అక్కడ ఎవరు ఉంటుంటే వాళ్ల పేర్లే రాసుకుంటాం."

అనసూయమ్మ వంగి కాళ్ల దగ్గరున్న చేతిసంచి తీసుకుంది. లేస్తుందనుకుని రఘునందన్ కూడా లేచాడు. ఆమె లేవలేదు. సంచిని ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కూర్చుంది.

"ఏమైందండీ?" గీతిక ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "ఆ గల్లీలో మీకు తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?"

"ఇల్లు కూలగొట్టినంక మేము కిరాయికి దిగింది ఆ గల్లీలనే బిడ్డా. ఇగ రాళ్లగుట్టల నా మాట ఎవలు నమ్ముతరు?"